తాళం విద్య నేర్చుకోండి... మీ ఇంటి తాళం మీదే!

'సైబర్ సెక్యూరిటీ నేర్చుకుంటాను' అనే మాట ఇప్పుడు మన ఇళ్లలో తరచుగా వినిపిస్తోంది. ఇంటర్ పూర్తిచేసిన పిల్లలూ అంటున్నారు, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలూ అంటున్నారు. వినగానే తల్లిదండ్రులకు సంతోషం, భయం రెండూ కలుగుతాయి. మంచి ఉద్యోగం దొరుకుతుందన్నది సంతోషం. 'హ్యాకింగ్' పేరుతో పిల్లవాడు ఏ కేసులో ఇరుక్కుంటాడో, పోలీసులు గుమ్మంలోకి వస్తే నలుగురిలో తలెత్తుకోవడం ఎలాగో అన్నది భయం. ఈ రెండింటిలోనూ నిజం ఉంది. అందుకని పిల్లలను ఈ చదువు వద్దనడం పరిష్కారం కాదు. ఏమీ తెలుసుకోకుండా 'నీ ఇష్టం' అని వదిలేయడం కూడా సరికాదు. మరి దారి ఏమిటి?

మన ఊళ్లలో బస్టాండు దగ్గరో, మార్కెట్ సెంటర్లోనో గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసే ఉస్తాద్‌లను అందరూ చూసే ఉంటారు. ఎలాంటి బీరువా అయినా, ఎంత గట్టి తాళమైనా వారు తీయగలరు. అయినా ఊరంతా వారిని నమ్ముతుంది. ఎందుకంటే ఇంటి యజమాని పిలిస్తేనే వారు వెళతారు. యజమాని ఎదుటే తాళం తీస్తారు. వారి దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు పక్కింటి తలుపు మీద సాధన చేయడు. పాత తాళాల డబ్బా ముందు పెట్టుకుని, తీస్తూ వేస్తూ నెలల తరబడి నేర్చుకుంటాడు. తాళం విరిగిపోయినా ఎవరికీ నష్టం లేదు.

సైబర్ విద్యకు కూడా అలాంటి పాత తాళాల డబ్బా ఒకటి ఉంది. దాని పేరు 'వర్చువల్ మెషీన్'. దాన్ని ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్‌లోనే, ఒక్క రూపాయి సాఫ్ట్‌వేర్ ఖర్చు లేకుండా అమర్చుకోవచ్చు. అయితే అమర్చే పద్ధతి తెలియాలి. పద్ధతి తప్పితే ఆ డబ్బాయే మన ఇంటికి బెడద అవుతుంది.

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్. దానికి వేరే పెట్టె ఉండదు, వేరే తెర ఉండదు. మన కంప్యూటర్‌లోని ర్యామ్‌లో కొంత, హార్డ్‌డిస్క్‌లో కొంత వాడుకుంటూ అది ఒక కిటికీలో నడుస్తుంది. దానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, సొంత పాస్‌వర్డ్ ఉంటుంది. లోపలి కంప్యూటర్ పాడైపోతే దాన్ని తుడిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. బయటి కంప్యూటర్ మాత్రం మామూలుగానే పనిచేస్తుంది.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఖరీదైన ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎక్కువమంది పంచుకోవడానికి 1960లలోనే ఐబీఎం సంస్థ ఈ పద్ధతిని తయారుచేసింది. 1999లో వీఎంవేర్ సంస్థ దీన్ని మామూలు పర్సనల్ కంప్యూటర్‌కు తెచ్చింది. ఇప్పుడు విద్యార్థులు ఎక్కువగా వాడుతున్న వర్చువల్‌బాక్స్ 2007లో వచ్చింది. ప్రస్తుతం అది ఒరాకిల్ సంస్థ చేతిలో ఉంది. ఉచితంగా దొరుకుతుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నుంచి ఉచితమైంది.

గది దాటిన ప్రయోగం

సాధనకు వేరే గది ఎందుకు? మామూలు కంప్యూటర్ మీదే, నెట్ మీదే ప్రయత్నిస్తే ఏమవుతుంది? అని పిల్లలు అడగవచ్చు. దీనికి జవాబు 1988లోనే దొరికింది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రాబర్ట్ మోరిస్ అనే యువకుడు తనంతట తానే నకళ్లు తయారుచేసుకుంటూ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పాకే ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. ఆ సంవత్సరం నవంబర్ 2న దాన్ని ఇంటర్నెట్‌లోకి వదిలాడు. ఫైళ్లు చెరిపేసే ఉద్దేశం అందులో లేదు. కానీ నకళ్లు తీసుకునే వేగం విషయంలో అతని లెక్క తప్పింది. ఒకే యంత్రంలోకి అది మళ్లీ మళ్లీ చొరబడింది. విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనా సంస్థల్లో యంత్రాలు మొరాయించాయి. దెబ్బతిన్నవి సుమారు 6 వేలు ఉంటాయని అప్పట్లో అంచనా వేశారు. కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది.

మోరిస్ తెలివితక్కువవాడు కాదు. ఆ తర్వాతి కాలంలో ఆయన ప్రఖ్యాతమైన ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, అదే ప్రోగ్రామ్‌ను నాలుగు గోడల మధ్య, బయటికి దారిలేని యంత్రాల మీద నడిపి ఉంటే ఆ లెక్క తప్పు అక్కడే బయటపడేది. ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఆయనకు కోర్టు బోను తప్పేది. నేర్చుకునేవారు తప్పులు చేస్తారు. ఆ తప్పులు ఎక్కడ చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ముందుగా చూసుకోవలసినవి

మన ఇళ్లలో చాలావరకు కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. అందులోనే అబ్బా షాపు లెక్కలు, ఆపా ప్రాజెక్టు పనులు, పెళ్లి ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు అన్నీ ఉంటాయి. కాబట్టి మొదటి పని సాఫ్ట్‌వేర్ దించుకోవడం కాదు. ముఖ్యమైన ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో, వేరే హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టాలి.

రెండోది, కంప్యూటర్ శక్తి. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా పని జరుగుతుంది. 4 జీబీతో చాలా ఇబ్బంది. హార్డ్‌డిస్క్‌లో కనీసం 40 జీబీ ఖాళీ ఉంచుకోవడం మంచిది. యాపిల్ ఎం శ్రేణి చిప్‌లున్న మ్యాక్‌లలో ఇంటెల్ పద్ధతిలో తయారైన పాత యంత్రాలు నేరుగా నడవవు. ఇక్కడ చెప్పే పద్ధతి మామూలు విండోస్ కంప్యూటర్లకు వర్తిస్తుంది.

మూడోది, ప్రాసెసర్‌లో ఉండే 'వర్చువలైజేషన్' సౌకర్యం. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ భాగంలో సీపీయూ మీద నొక్కితే 'వర్చువలైజేషన్: ఎనేబుల్డ్' అని కనిపించాలి. 'డిసేబుల్డ్' అని ఉంటే కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసేటప్పుడు ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ బటన్ నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. ఏ బటన్ అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. అక్కడ ఇంటెల్ యంత్రాల్లో 'వర్చువలైజేషన్ టెక్నాలజీ' అనీ, ఏఎండీ యంత్రాల్లో 'ఎస్‌వీఎం మోడ్' అనీ ఉండే మీటను ఆన్ చేయాలి. మిగతా మీటలు ముట్టుకోకూడదు. చాలామంది పిల్లలు ఈ ఒక్క మీట తెలియక 'మా కంప్యూటర్‌లో ఇది నడవదు' అని వదిలేస్తుంటారు.

రెండు యంత్రాలు కావాలి

సాధనకు లోపల రెండు యంత్రాలు పెట్టుకోవాలి. ఒకటి పనిముట్ల పెట్టె. ఇంకొకటి పాత తాళం.

పనిముట్ల పెట్టె పేరు కాలీ లైనక్స్. 2013 మార్చిలో వచ్చింది. భద్రతా పరీక్షలు చేసే నిపుణులు వాడే వందలాది పనిముట్లు అందులో ముందే అమర్చి ఉంటాయి. దాని అధికారిక సైట్‌లో వర్చువల్‌బాక్స్ కోసం సిద్ధం చేసిన ఫైలు దొరుకుతుంది. 3 నుంచి 4 జీబీ వరకు ఉంటుంది కాబట్టి సెల్‌ఫోన్ డేటాతో కాకుండా వైఫై దగ్గర దించుకోవడం మేలు.

పాత తాళం పేరు మెటాస్ప్లాయిటబుల్ 2. దీన్ని ర్యాపిడ్7 అనే సంస్థ నేర్చుకునేవారి కోసం ఉచితంగా ఇచ్చింది. ఉబుంటు లైనక్స్ 2008 నాటి రూపం మీద దీన్ని కట్టారు. కావాలనే ఇందులో లోపాలు నింపారు. పాత ప్రోగ్రామ్‌లు, బలహీనమైన పాస్‌వర్డ్‌లు, తెరిచి ఉంచిన దారులు - నిజ జీవితంలో జరిగే నిర్లక్ష్యాలన్నీ ఒకేచోట దొరుకుతాయి.

దించుకున్న ఫైలు అసలైనదేనా అని సరిచూసుకోవడం మరవకూడదు. కాలీ సైట్‌లో ప్రతి ఫైలు పక్కన 'ఎస్‌హెచ్‌ఏ256' పేరుతో పొడవాటి అంకెలు, అక్షరాల వరుస ఉంటుంది. అది ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. మన దగ్గరకు వచ్చిన ఫైలు వేలిముద్రను విండోస్‌లోని 'సర్ట్‌యుటిల్' ఆదేశంతో తీసి రెండూ పోల్చుకోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలును పారేయాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో స్నేహితులు పంపే కాపీలు, 'క్రాక్' చేసిన సాఫ్ట్‌వేర్లు అసలే వద్దు. ఉచితంగా, న్యాయంగా దొరికేదాన్ని దొంగదారిన తెచ్చుకోవలసిన అవసరం ఏముంది?

అమర్చే విధానం

వర్చువల్‌బాక్స్‌ను దాని అధికారిక సైట్ నుంచి తెచ్చి మామూలు ప్రోగ్రామ్‌లాగే ఎక్కించాలి. మధ్యలో కొద్ది క్షణాలు నెట్ ఆగిపోతుంది, కంగారు పడనక్కరలేదు.

కాలీ ఫైలును సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో విప్పాలి. తర్వాత వర్చువల్‌బాక్స్‌లో 'యాడ్' నొక్కి, విప్పిన ఫోల్డర్‌లోని వర్చువల్‌బాక్స్ గుర్తున్న ఫైలును చూపిస్తే చాలు, యంత్రం వరుసలో కనిపిస్తుంది. దానికి 2 జీబీ ర్యామ్ ఇవ్వాలి. మొదటిసారి లోపలికి వెళ్లడానికి పేరు, పాస్‌వర్డ్ రెండూ 'కాలీ'యే. లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చాలి. ఈ ఒక్కసారికి నెట్ ఉంచి అప్‌డేట్లు వేసుకోవాలి.

మెటాస్ప్లాయిటబుల్ విషయంలో 'న్యూ' నొక్కి, లైనక్స్ యంత్రం అని ఎంచుకుని, ర్యామ్ 512 ఎంబీ ఇచ్చి, కొత్త డిస్క్ బదులు 'ఇప్పటికే ఉన్న డిస్క్' అనే దారిలో మనం విప్పిన డిస్క్ ఫైలును చూపించాలి. ఇంకా ఆన్ చేయకూడదు. ఆన్ చేసే ముందు నెట్‌వర్క్ మీట సరిచేయాలి. మొత్తం పనిలో అతి ముఖ్యమైన అడుగు ఇదే.

యంత్రాలు నడిచేటప్పుడు కిటికీ కింది వరుసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్‌లోని హైపర్-వీ సౌకర్యం అడ్డుపడి వేగం తగ్గిస్తోందని అర్థం. నెమ్మదిగానైనా పని జరుగుతుంటే దాన్ని అలాగే వదిలేయవచ్చు. ఇంటి కంప్యూటర్‌లోని రక్షణలను వేగం కోసం తీసేయడం తెలివైన పని కాదు.

గది తలుపు వేసుకోండి

వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ భాగంలో మూడు ముఖ్యమైన దారులుంటాయి.

మొదటిది 'నాట్'. లోపలి యంత్రం మన కంప్యూటర్ చాటు నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లగలదు. కాలీకి అప్‌డేట్లు వేసేటప్పుడు మాత్రమే ఇది పెట్టుకోవాలి.

రెండోది 'బ్రిడ్జ్‌డ్'. లోపలి యంత్రం మన ఇంటి వైఫైలో మరో కంప్యూటర్‌లా కలిసిపోతుంది. అబ్బా ఫోను, ఆపా ల్యాప్‌టాప్, ఇంట్లోని స్మార్ట్ టీవీ ఉన్న వరుసలోనే ఇదీ నిలబడుతుంది. అన్ని తలుపులూ తెరిచి ఉన్న మెటాస్ప్లాయిటబుల్‌కు ఈ దారి ఇవ్వడమంటే వీధి గుమ్మానికి గడియ తీసి నిద్రపోవడమే. ఈ దారి ఎప్పుడూ వద్దు.

మూడోది 'హోస్ట్-ఓన్లీ'. లోపలి యంత్రాలు ఒకదానితో ఒకటి, మన కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడుకోగలవు. బయటి ప్రపంచానికి దారి లేదు. మనకు కావలసినది ఇదే. రెండు యంత్రాలకూ దీన్నే ఎంచుకోవాలి. సరిగా కుదిరితే మామూలుగా వాటి చిరునామాలు 192.168.56తో మొదలవుతాయి. కాలీలో బ్రౌజర్ తెరిచి ఏదైనా వెబ్‌సైట్ కోసం చూడాలి. అది తెరుచుకోకపోతేనే గది తలుపు సరిగా పడినట్టు.

ఈ పద్ధతిలో లోపలి యంత్రాలకు మన కంప్యూటర్ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి విండోస్ అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోవాలి. లోపలి యంత్రంతో ఫోల్డర్లు పంచుకునే సౌకర్యాన్ని ఆన్ చేయకూడదు.

తలుపు వేశాక రెండు యంత్రాలకూ 'స్నాప్‌షాట్' తీసుకోవాలి. ఆ క్షణంలో యంత్రం ఎలా ఉందో అలాగే దాచిపెట్టే సౌకర్యం ఇది. సాధనలో యంత్రం ఎంత పాడైనా ఒక్క నొక్కుతో మళ్లీ ఆ క్షణానికి వెళ్లిపోవచ్చు.

మొదటి పాఠం: తీయడం, మళ్లీ వేయడం

ఇక మొదటి సాధన. కాలీలో ఎన్‌మ్యాప్ అనే పనిముట్టు ఉంటుంది. ఒక యంత్రంలో ఏయే తలుపులు తెరిచి ఉన్నాయో అది చూసి చెబుతుంది. 1997 నుంచి నిపుణులు దీన్ని వాడుతున్నారు. మెటాస్ప్లాయిటబుల్ చిరునామా ఇచ్చి దీన్ని నడిపితే ఇరవైకి పైగా తలుపులు తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కొక్కటి ఏమిటి? ఏ ప్రోగ్రామ్ దాని వెనుక ఉంది? అది ఏ సంవత్సరం నాటిది? ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకోవాలి.

వాటిలో 21వ నంబరు తలుపు వెనుక 'వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4' అనే ఫైళ్ల బదిలీ ప్రోగ్రామ్ ఉంటుంది. దాని కథ ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. ఈ ప్రోగ్రామ్ ఫైలును ఎవరో అసలు సైట్‌లోనే మార్చి, అందులో ఒక దొంగదారి పెట్టిన సంగతి 2011 జూలైలో బయటపడింది. దించుకున్నాక దాని డిజిటల్ సంతకాన్ని సరిచూసుకున్న వారికి తేడా తెలిసిపోయేది. సరిచూసుకోని వారు దొంగదారిని చేతులారా ఇంటికి తెచ్చుకున్నారు. వేలిముద్ర పోల్చుకోమని పైన చెప్పింది ఇందుకే.

అయితే లోపం దొరకగానే 'నేను హ్యాక్ చేశాను' అని సంబరపడితే చదువు సగంలో ఆగిపోయినట్టే. ఆ ప్రోగ్రామ్‌ను ఆపేసి మళ్లీ ఎన్‌మ్యాప్ నడపాలి. 21వ నంబరు తలుపు మూసుకుందా? ఆ పని ఎలా చేశారో నాలుగు వాక్యాల్లో రాయాలి. సంస్థలు జీతం ఇచ్చేది ఈ రెండో సగానికే. తలుపు ఎక్కడ తెరిచి ఉందో చెప్పి, ఎలా మూయాలో రాసి ఇచ్చేవారే వారికి కావాలి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబర్ 17 నుంచి అమలులో ఉంది. దీని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి వెళ్లడం, సమాచారం తీసుకోవడం, వైరస్ ఎక్కించడం తప్పు. నష్టపరిహారం చెల్లించవలసి వస్తుంది. అదే పని మోసపూరితంగా, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

'ఊరికే చూశాను, ఏమీ పాడుచేయలేదు' అన్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. కాలేజీ వెబ్‌సైట్, పక్కింటి వైఫై, స్నేహితుడి ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ - వీటిలో ఏదీ మన పాత తాళాల డబ్బా కాదు. ఇజాజత్ లేకుండా ఒకరి గడప దాటకూడదని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ నేర్పుతాం. తెర మీది గడపకూ అదే మర్యాద. కొన్ని కంపెనీలు తమ సైట్లలో లోపాలు వెతికిపెట్టమని నియమాలు ప్రకటించి బహుమతులు ఇస్తుంటాయి. అక్కడ కూడా ఆ నియమాలు అనుమతించినంత వరకే పోవాలి.

ఒకే విద్య, రెండు దారులు

2017 మే 12న 'వన్నాక్రై' అనే వైరస్ ప్రపంచాన్ని వణికించింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను తిప్పిపంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. ఆ వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. రెండు నెలల్లో ఆ మరమ్మతు వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

ఆ వైరస్‌ను పరిశీలించి, దాని లోపల దాగిన ఒక వెబ్ చిరునామాను రిజిస్టర్ చేసి దాని వ్యాప్తికి అడ్డుకట్ట వేసినవాడు మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల బ్రిటిష్ యువకుడు. ప్రపంచం అతన్ని మెచ్చుకుంది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో అతను అరెస్టయ్యాడు. అంతకు ముందు, చిన్న వయసులో, బ్యాంకు ఖాతాల వివరాలు దొంగిలించే ప్రోగ్రామ్ రాసిన నేరం అతని మీద ఉంది. 2019లో నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే మారిన మనిషిని చూసి న్యాయమూర్తి మళ్లీ జైలుకు పంపలేదు. కానీ ఆ రెండేళ్లు అతను స్వదేశానికి వెళ్లలేకపోయాడు. విద్య ఒక్కటే. చిన్నతనంలో సరైన మాట చెప్పే పెద్దవారు పక్కన ఉండడం ఎంత విలువైనదో ఈ ఉదంతం చెబుతోంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ విద్య మగపిల్లలకే అనుకోవడం పొరపాటు. దూరం పంపలేక కోచింగ్ మాన్పించిన ఆడపిల్లలు కూడా ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీదే దీన్ని నేర్చుకోవచ్చు. ఓర్పు, రాసుకునే అలవాటు, చిన్న తేడాను గమనించే చూపు - ఈ పనికి కావలసినవి ఇవే.

అబ్బాకు కంప్యూటర్ రాకపోయినా మూడు ప్రశ్నలు అడగవచ్చు. 'నువ్వు సాధన చేస్తున్న యంత్రం ఎవరిది?' 'దానికి బయటికి దారి ఉందా?' 'ఈ వారం ఏ తలుపు మూశావు?' పిల్లలు తడుముకోకుండా జవాబిచ్చి, నోటు పుస్తకం తెచ్చి చూపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. మొదటి ప్రశ్నకే మాట దాటేస్తే మాత్రం అక్కడే ఆపించి, పక్కన కూర్చుని మాట్లాడాలి.

ఇంట్లో నేర్చుకున్న విద్య ముందుగా ఇంటికే ఉపయోగపడాలి. వైఫై రూటర్‌కు కంపెనీ పెట్టిన పాత పాస్‌వర్డే ఉందా? అమ్మీ ఫోనులో అప్‌డేట్లు ఆగిపోయాయా? షాపు లెక్కలకు రెండో కాపీ ఉందా? అబ్బా అనుమతి అడిగి, ఈ మూడు పనులూ పిల్లలతోనే చేయించండి. ఎవరికైనా ఆన్‌లైన్‌లో డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలని ఇంటిల్లిపాదికీ వారినే చెప్పమనండి. వారి మొదటి ఉద్యోగం ఇదే అనుకోండి. జీతం లేకపోయినా, నమ్మకం దొరుకుతుంది. ఈ వృత్తిలో అన్నిటికన్నా ముందు అడిగేది దాన్నే.